గంగ అవతలి పొయ్యి

ఇప్పుడు మా సందులో తెలుగువాళ్ళు పెరిగారు, వాళ్ళలో కొత్తగా కాపురం పెట్టే ఆడపిల్లలు స్టౌ కొనే ముందు నా దగ్గరికి వస్తారు. ఒక మంటదా, రెండు మంటలదా, కిరసనాయిలుదా, గ్యాసా, ఈమధ్యయితే కరెంటుదా అని అడుగుతారు. "పిన్నీ, నీకు తెలుస్తాది కదా" అంటారు. నాకు తెలిసింది పెద్ద చదువేం కాదు. మీ ఇంట్లో రోజూ పొయ్యెక్కే గిన్నెలు సంచిలో వేసుకుని కొట్టుకి వెళ్ళండి, స్టౌ మీద పెట్టి చూడండి, ఊగితే వద్దనండి అని చెబుతాను. వాళ్ళు నవ్వుతారు. కొట్టుకి గిన్నెలు మోసుకెళ్తే ఏటనుకుంటారు పిన్నీ అంటారు. నేను ఒకసారి మోసుకెళ్ళాను. ఎందుకు మోసుకెళ్ళానో చెప్పాలంటే మా తోటికోడలి గురించి చెప్పాలి.

నేను పెళ్ళయి కలకత్తాలో ఈ మెటియాబ్రుజ్ వచ్చేసరికి మా అత్తవారింట్లో ఉన్నది బకెట్టు పొయ్యి. పాత ఇనప బకెట్టుకి లోపల మట్టి మెత్తి, మధ్యలో కమ్మీలు పెట్టి, కింద బూడిద తీయడానికి కన్నం కోసి చేస్తారు. దానికి ముందు పిడకముక్కలు, వాటి మీద చెక్క పేళ్ళు, ఆ పైన బొగ్గు. వెలిగించాక సందులో పెట్టెయ్యాలి. పొగంతా పోయి బొగ్గు ఎర్రబడితే అప్పుడు కాడ పట్టుకుని లోపలికి తెచ్చుకోవాలి. సాయంత్రమయ్యేసరికి ప్రతి గుమ్మం ముందూ ఒక బకెట్టు పొగలు కక్కుతూ ఉండేది. ఎదురింటి మనిషి మొహం కూడా కనబడేది కాదు. మా ఊళ్ళో కట్టెల పొయ్యి ఊదినదాన్ని, నాకు ఇది పట్టుబడడానికి చాలా రోజులే పట్టింది. ఆరిపోతే మళ్ళీ మొదటినుంచీ.

మా ఆయనది ఓడల డాకులో పని. ఓడ వచ్చిందంటే షిఫ్టు మీద షిఫ్టు. మా అత్త పొద్దున్నే గంజి తాగి దర్జీల కార్ఖానాకి పోయేది, చొక్కాలకి గుండీలు కుట్టడానికి. మరిదికి అప్పటికి ఇంకా పెళ్ళి కాలేదు, ఏదో ఒక పని వెతుక్కుంటూ బయటే తిరిగేవాడు. పొద్దున్న వాళ్ళంతా వెళ్ళాక సాయంత్రం అత్త వచ్చేదాకా నా నోటికి పని ఉండేది కాదు. అప్పట్లో చుట్టుపక్కల వాళ్ళందరిదీ ఉర్దూ, బంగ్లా. నాకు రెండూ రావు. ఎవరైనా పలకరిస్తే నవ్వి ఊరుకునేదాన్ని. వాళ్ళూ నవ్వేవాళ్ళు. ఎన్నాళ్ళని నవ్వుకుంటాం? కొన్నాళ్ళకి వాళ్ళూ మానేశారు, నేనూ మానేశాను. పొయ్యితో మాట్లాడేదాన్ని. మండవే, నీకేం తక్కువ చేశాను, అని. మాకు పిల్లలు కలగలేదు. మొదట్లో కలుగుతారులే అనుకున్నాం, తరవాత ఆ మాట ఎత్తడం మానేశాం.

అలాంటి ఇంట్లోకి చిన్నది వచ్చింది. మరిది పెళ్ళాం. ఇంట్లో అందరం దాన్ని చిన్నది అనే పిలిచేవాళ్ళం. వచ్చిన మర్నాడే పొగలో కళ్ళు నలుపుకుంటూ నా పక్కన కూర్చుని, "అక్కా, ఈ బకెట్టు నీళ్ళు మొయ్యడానికనుకున్నాను, ఇదేటి నిప్పు మోస్తంది?" అంది. నాకు నవ్వాగలేదు. ఆ ఇంట్లో నేను బిగ్గరగా నవ్వడం అదే మొదటిసారేమో, అత్త లోపలినుంచి వచ్చి చూసింది.

ఒక పొయ్యి, ఒక మంట. ముందు అన్నం వండి దించాలి, ఆనక పులుసు, ఆ తరవాత వేపుడు. ఒకటి ఉడుకుతుంటే రెండోది కాచుకుని ఉండాలి. పొయ్యికి ఇటు నేను, అటు అది, పీటలేసుకుని ఎదురెదురుగా. నేను గరిటె తిప్పితే అది కత్తిపీట ముందు కూర్చునేది. చేపలమ్మే ముసలాడు బేరంలో ఎలా గొంతు తగ్గిస్తాడో, అత్త సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు నోరెలా సున్నా చుడుతుందో చేసి చూపించేది. వాళ్ళ ఊరు, వాళ్ళ మేనత్త, వాళ్ళ గేదె, అన్నీ నాకు తెలిసిపోయాయి. ఎండునెత్తళ్ళు వేయిస్తుంటే సందులో వాళ్ళు తలుపులు వేసుకుంటే, "వాసన మనకి, తలుపులు ఆళ్ళకి" అనేది. పొయ్యి మీద వంట ఎంత ఆలస్యమైతే నాకు అంత బాగుండేది.

తరవాత మరిదికి రైలు యార్డులో పని దొరికింది. గంగ అవతల, సంత్రాగాఛిలో. దాంతో పాటు ఒక గదీ, వెనకాల చిన్న వంటిల్లూ ఉన్న క్వార్టరు. అందరికీ సంతోషం. మా అత్త మాత్రం ముద్ద కలుపుతూ ఆగిపోయింది.

"ఇల్లు మారితే మారండి. అక్కడ పొయ్యి మాత్రం పెట్టకండి" అంది.

"పొయ్యి లేకండా ఎలాగమ్మా?" అన్నాడు మరిది.

"ఎలాగేటి? ఇక్కడ వొండుతాది, అక్కడికి పట్టుకెల్తాది. మీ నాన్న ఇంట్లో నాను సూసినాను. పెరట్లో రెండో పొయ్యి పెట్టినారు. ఆ ఏడు గేదెలు పంచుకున్నారు, మరుసటేడు మాటలు పంచుకున్నారు. మీ పెదనాన్న సచ్చిపోతే కబురు కూడా రాలేదు. నా కళ్ళముందు ఇంకో పొయ్యి లెగడానికి ఒప్పను."

మా ఆయన నవ్వబోయి అమ్మ మొహం చూసి ఊరుకున్నాడు. మరిది నాకేసి చూశాడు, వదినా నువ్వైనా చెప్పు అన్నట్టు. నేను చెప్పలేదు. ఎందుకంటే అత్త మాట నాకు అక్కరకొచ్చే మాట.

అలా మొదలైంది. చిన్నది పొద్దున్నే మొగుణ్ణి పనికి పంపి, సంత్రాగాఛినుంచి బస్సులో నాజిర్‌గంజ్ రేవుకొచ్చి, మోటారు పడవలో గంగ దాటి మా ఇంటికి వచ్చేది. ఇద్దరం కలిసి వండేవాళ్ళం. ఎండెక్కాక టిఫిను క్యారియర్ నింపుకుని మళ్ళీ గంగ దాటి వెళ్ళిపోయేది. ఎవరికైనా చెబితే పిచ్చా అంటారు. రేవులో పడవవాళ్ళకి కూడా అది తెలిసిపోయింది, క్యారియర్ చూసి "ఆజ్ కీ రాన్నా, దీదీ?" అని అడిగేవారట, ఇవాళేం వంట అని. "సుక్తో" అని చెప్పేదట, బెంగాలీవాళ్ళ చేదు కూర పేరు, వాళ్ళకి నచ్చేది కదా అని. క్యారియర్లో ఉన్నది చింతపండు పులుసు.

ఆ రోజుల్లో నాకున్న భయం ఒక్కటే. ఏదో ఒక రోజు అది రావడం మానేస్తుందేమోనని. పొద్దున్న పొయ్యి రాజేసి పొగ పోయేదాకా గుమ్మంలో నిలబడి సందు చివరకేసి చూసేదాన్ని. దాని పసుపు రంగు సంచి కనబడగానే లోపలికి పోయి, ఏం ఎరగనట్టు బియ్యం ఏరుకునేదాన్ని.

కొన్నాళ్ళకి మరిదికి రాత్రి డ్యూటీలు పడ్డాయి. తెల్లారి వచ్చాక టీ అన్నా లేకపోతే ఎలా అని చిన్నది అడిగింది. అత్త చాలాసేపు ఆలోచించి, టీకీ పాలకీ అయితే సరే, కూటికి మాత్రం కాదు అంది. అది చూసి తెచ్చే పని నాకు అప్పజెప్పారు. సందులో వాళ్ళు వాడే కిరసనాయిలు స్టౌలు నేను చూసినదాన్నే. పంపు కొట్టే స్టౌ మంట పెద్దది, దానికి చప్పుడెక్కువ, ఒడుపు తెలియకపోతే మంట మొహం మీదికి లేస్తుంది. వత్తుల స్టౌలో పెద్దవి ఉన్నాయి, చిన్నవి ఉన్నాయి. పెద్దదైతే అత్త ఒప్పదు. అందుకని వత్తులు తక్కువున్న చిన్న స్టౌ తెచ్చాను. అత్త దాన్ని ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"దీని మీద అన్నం అవుతాదా?"

"అవదత్తా. గిన్నె పెడితే ఊగుతాది."

"కూర?"

"ఇద్దరి కూర అయ్యేసరికి సాయంకాలం అవుతాది."

"అయితే పట్టుకెల్లమను" అంది, పరీక్షలో నెగ్గినట్టు స్టౌ నా చేతికిచ్చి. చిన్నది నా వెనకాల నిలబడి నడుం గిల్లింది, నవ్వు ఆపుకోలేక.

అలా రెండేళ్ళ పైనే గడిచింది. అప్పుడు బంద్ వచ్చింది. కలకత్తాలో బంద్ అంటే కొత్తేం కాదు, ఎర్రజెండాలు కట్టిన సందుల్లో పిల్లలు క్రికెట్ ఆడుకునే రోజు. కానీ ఆ రోజు బస్సులే కాదు, పడవలు కూడా ఆపేశారు. చిన్నది రాలేదు. నేను మామూలుగానే అందరికీ వండేశాను. క్యారియర్ ఒకటి నింపి గుమ్మం దగ్గర పెట్టాను, పడవ ఏదైనా కదిలితే మా ఆయన్ని పంపుదామని. ఏదీ కదల్లేదు.

అత్త కూర్చున్నచోట కూర్చోలేకపోయింది. "బందంటే ఆళ్ళ కడుపులకీ బందేనేటి? టీ తాగి తొంగుంటారేటి రాత్రికి?"

"పక్కవాళ్ళు పెడతారులే అత్తా."

"పక్కోళ్ళ కూడు తినే కర్మేటి నా కొడుక్కి?" అని, ఆ రాత్రి ఆవిడా సరిగ్గా తినలేదు.

మర్నాడు మొదటి పడవకి నేనే బయల్దేరాను. పులిసిన అన్నం, ఉల్లిపాయలు, వేడి చేసిన చేపల పులుసు. సంత్రాగాఛి క్వార్టర్లకి నేను అంతకుముందు వెళ్ళింది గృహప్రవేశానికే. ఎర్రటి ఇటుకల గోడలు, వెనకాల పట్టాలు, ఎక్కడ చూసినా బొగ్గు నుసి. ఇల్లు వెతుక్కుంటూ వెనకవైపునుంచి వచ్చాను.

వెనక గుమ్మం పక్కన బకెట్టు పొయ్యి ఉంది. మండుతోంది. మీద అన్నం ఉడుకుతోంది. కొత్త పొయ్యి కాదు. మెత్తిన మట్టి పగిలి, మళ్ళీ మెత్తి, మళ్ళీ పగిలింది. గోడ పక్కన మోకాలెత్తు బూడిద కుప్ప.

మరిది లోపల కూర్చుని తింటున్నాడు. నన్ను చూసి చెయ్యి కంచంలోనే ఉంచి లేచి నిలబడ్డాడు.

"వదినా, నువ్వేటి ఇలాగ..."

"మీరు పస్తున్నారని వచ్చినాను" అన్నాను.

మరిది సిగ్గుపడ్డాడు. "యార్డులో బొగ్గు దొరుకుతాది కదా వదినా. నువ్వు ఆ సిన్న స్టౌ తెచ్చిన నెలకే ఇది పెట్టినాది. అమ్మకి సెప్పకు" అన్నాడు.

"మరి రోజూ క్యారియర్?"

"అదీ తింటాం. పారెయ్యం." తల దించుకుని అన్నాడు. "ఉత్తినే పడవలెక్కి తిరగకే, ఒంట్లో బాగోలేదు కదా అంటే ఇనదు. అక్క ఒక్కర్తీ ఉంటాది, మాటాడ్డానికి మనిషి లేదు అంటాది."

చిన్నది పెరట్లో కుళాయి దగ్గర వాంతి చేసుకుంటోంది. నన్ను చూసి చీర కొంగుతో మూతి తుడుచుకుని, పొయ్యికేసీ నాకేసీ చూసింది. దానికి మూడో నెల. అప్పటికి మాకు చెప్పలేదు.

నేను తెచ్చిన క్యారియర్ గుమ్మంలో పెట్టాను. ఇన్నాళ్ళూ అత్త ఆన వల్ల వస్తోందనుకున్నాను. అత్త ఆన ఎప్పుడో పోయింది. ఆ బూడిద కుప్ప చూస్తుంటే నాకు సంతోషమేసింది, ఏడుపూ వచ్చింది. ఒక మనిషి నాకోసం ఎండలో వానలో గంగ దాటి వచ్చి, వండక్కర్లేని వంట వండి వెళ్తోంది. ఇంక దాన్ని రమ్మని నేను ఎలా కోరుకోను?

తిరుగు పడవలోనే అనుకున్నాను, దానికి సరైన పొయ్యి పెట్టించాలని. బొగ్గు పొగలో కడుపుతో ఉన్న పిల్ల కూర్చోకూడదు. మరిదికి గ్యాసు కనెక్షను మంజూరై చాలా రోజులైందట, చిన్నదే ఎందుకులే ఇద్దరికి అని తెచ్చుకోనివ్వలేదట. అదీ నాకు ఆ రోజే తెలిసింది.

అత్తకి చెప్పడం పెద్ద పనయింది. బకెట్టు పొయ్యి సంగతి చెప్పలేదు. కడుపుతో ఉంది, పడవ పడదు, అక్కడే వండుకోనీ అత్తా, గ్యాసు పెట్టించుదాం, అన్నాను.

ఆవిడ ఇంటికి తెచ్చుకున్న చొక్కాకి గుండీ కుట్టడం ఆపి నాకేసి తేరిపార చూసింది. "ఇద్దరూ దెబ్బలాడుకున్నారేటి?"

"లేదత్తా."

"నిజం సెప్పు. ఏటంది నిన్ను? గొడ్రాలందా?"

"ఛ, అదెందుకంటాది?"

"మరి దెబ్బలాట లేకండా పొయ్యి ఏరు పెట్టడం నానెక్కడా సూడలేదు."

ఎంత చెప్పినా నమ్మలేదు. రెండు రోజులు నన్ను ఓదారుస్తున్నట్టు మాట్లాడింది, నా కంచంలో చేపముక్క ఎక్కువేసింది. ఆఖరికి మనవడో మనవరాలో పుట్టబోతోందన్న మాటకి మెత్తబడింది. ఒక షరతు పెట్టింది. "పెట్టాల్సిందే అయితే మన పొయ్యిలో నిప్పు ఎల్లాల. ఇంటి పెద్దదాని సేత్తో ఇచ్చిన నిప్పైతే తగువు కింద రాదు. నా మోకాళ్ళకి పడవెక్కలేను, నువ్వు పట్టుకెల్లు."

"గ్యాసుకి నిప్పెందుకత్తా, లైటరుంటాది."

"లైటరు ఎవరి పొయ్యిలోదే?" అంది.

స్టౌ కొనడానికి చిన్నదాన్ని తీసుకుని ఖిదిర్‌పూర్ వెళ్ళాను. అప్పుడే గిన్నెలు మోసుకెళ్ళింది. అన్నం తపేలా, పప్పు గిన్నె, చేపల పులుసు వండే మట్టి చట్టి. మా వాళ్ళకి చట్టిలో వండని పులుసు పులుసు కాదు. చట్టికి అడుగు గుండ్రం, గ్యాసు స్టౌ మీద గిన్నె ఆనే రేకు పళ్ళు దూరదూరంగా ఉంటే అది నిలవదు. కొట్టతను ముందు నవ్వాడు. "బౌదీ, ఇక్కడే వండేస్తారా?" అన్నాడు హిందీలో, బౌదీ అంటే వదిన. నేను ఒక్కొక్క స్టౌ మీదా చట్టి పెట్టి వేలితో కదిపి చూశాను. ఒకటి ఊగింది, ఒకదాని మీద పక్కకి ఒరిగింది. మంట మర తిప్పితే గట్టిగా ఉన్నవి వద్దని పక్కన పెట్టించాను, తడిచేత్తో తిప్పాలి కదా. రేకు కిందికి వేలు పోనిచ్చి, పొంగింది తుడవడానికి వీలుందో లేదో చూశాను.

చిన్నది ఇదంతా పట్టించుకోలేదు. ఒక మంట స్టౌ దగ్గర నిలబడి, "ఇది సాలక్కా" అంది.

"రెండు మంటలది తీసుకోవే. రేపు పిల్లకి పాలు ఒకదాని మీద, నీ కూర ఇంకోదాని మీద. బేగి అయిపోతాది."

"బేగి అయిపోయి ఏటి సేస్తాను?"

అది గొంతు తగ్గించింది. "నన్ను రావొద్దంటున్నావేటక్కా?"

కొట్టతను చూస్తున్నాడు. చుట్టూ స్టౌలు మెరుస్తున్నాయి. అవునంటే దాని మనసు విరుగుతుంది, కాదంటే ఆ కడుపుతో మళ్ళీ పడవెక్కుతుంది.

"నీకు వంట రాదే. నువ్వు తరిగిన ఉల్లిపాయ ముక్కలు మళ్ళీ నేనే తరుగుతాను రోజూ. నువ్వు రాకపోతే నాకూ పని బేగి అవుతాది" అన్నాను.

అది నా మొహంకేసి చాలాసేపు చూసింది. అబద్ధమని దానికి తెలుసు. "సరేలే, నీ పని బేగి అవనీ" అని, రెండు మంటల స్టౌ మీద చట్టి తనే పెట్టి కదిపి చూసింది. ఊగలేదు.

నిప్పు తీసుకెళ్ళిన రోజు పొద్దున్నే పొయ్యి రాజేసి, బాగా ఎర్రబడ్డ బొగ్గులు ఏరి, బూడిద వేసిన మట్టికుండలో పెట్టి, పైన ఇంకాస్త బూడిద కప్పి, చిల్లు మూకుడు మూత పెట్టాను. గుడ్డ చుట్టి పట్టుకున్నా చేతులు కాలుతున్నాయి. రేవులో పడవవాడు మూతలోంచి సన్నగా వస్తున్న పొగ చూశాడు.

"ఆగున్? నా దీదీ, నా. నిప్పుతో పడవెక్కనివ్వను" అన్నాడు.

పడవలో బట్టల మూటలు పెట్టుకుని కూర్చున్న ముసలి దర్జీ మూటలు దూరంగా లాక్కున్నాడు. ఎవరో దిగిపొమ్మన్నారు, ఎవరో పోనీలే అన్నారు. నాకు వచ్చిన ముక్కముక్కల బంగ్లాలో, మా చెల్లెలికి కొత్త పొయ్యి, మా ఇంటి నిప్పు ఇవ్వాలి, మా ఆచారం అన్నాను. పడవవాడికి ఎంత అర్థమయిందో.

"బియే నా కి?" అన్నాడు, పెళ్ళా ఏమిటి అని.

ఇల్లు వేరవుతోంది అని చెప్పడానికి నాకు మాటలు రాలేదు. అవునని తలూపాను. వాడి మొహం మారిపోయింది. మూటలు జరిపించి ముందు కొసన గాలి తగలని చోట కూర్చోబెట్టాడు. దర్జీ కూడా నవ్వాడు, ఎవరి పెళ్ళని అడిగాడు, పిల్ల మంచిదేనా అని అడిగాడు. మంచిదన్నాను. గంగ మధ్యకి వచ్చేసరికి పడవలో అందరికీ పెళ్ళివారి మొహాలే. నేనొక్కర్తెనే కుండ ఒళ్ళో పెట్టుకుని, బూడిద కింద ఇంకా వెచ్చగా ఉందా లేదా అని చెయ్యి పెట్టి చూసుకుంటున్నాను.

సంత్రాగాఛి చేరేసరికి దాదాపు అంతా బూడిదే. మరిది లైటరు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. చిన్నది మొగుడి చెయ్యి తోసేసి, కుండలోకి వంగి ఊదింది. ఒక ముక్క, వేలి గోరంత, ఎర్రగా కళ్ళు తెరిచింది. కాగితం చుట్టి దానికి అంటించి, మర తిప్పి, మంట అందించాను. భగ్గుమని లేచి, వెంటనే సద్దుమణిగి, నీలంగా చుట్టూ కూర్చుంది. ఎంత శుభ్రంగా మండిందో. పొగ లేదు, బూడిద లేదు, ఊదక్కర్లేదు.

పాలు పొంగించాం. తరవాత చిన్నది అన్నం పెట్టింది, పక్క మంట మీద చట్టి పెట్టింది. స్టౌ గట్టు మీద ఉంది, నిలబడి వండాలి. ఆ వంటిల్లు ఎంత సన్నంగా ఉందంటే ఇద్దరం పక్కపక్కన పట్టలేదు. నేను గుమ్మంలోకి వచ్చేశాను. అక్కడినుంచి నాకు దాని వీపే కనబడింది. గోడకేసి తిరిగి వండుతోంది. ఏదో చెబుతోంది, మంట చప్పుడుకి సగం వినబడలేదు. అన్నం, పులుసు ఒకేసారి అయిపోయాయి. ఇంత బేగి అయిపోయిందేటక్కా అని తనే ఆశ్చర్యపోయింది. తిని, ఖాళీ కుండ తీసుకుని మధ్యాహ్నం పడవకి వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి అత్త గుమ్మంలోనే ఉంది. "వెలిగిందా?"

"వెలిగిందత్తా."

"పేచీ లేకండానేనా?"

"లేకండానే."

ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుని లోపలికి వెళ్ళి పడుకుంది. మంచి బొగ్గులన్నీ నేను ఏరేసుకుపోవడం వల్ల మా పొయ్యి చల్లారిపోయింది. బకెట్టు ఎత్తుకుని సందులోకి వెళ్ళి, మళ్ళీ పిడకలు పేర్చుకున్నాను.

చిన్నదానికి ఆడపిల్ల పుట్టింది. మొదట్లో నెలకోసారి వచ్చేవారు, తరవాత పండగలకీ పబ్బాలకీ. మా ఇంటికి గ్యాసు రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. మా ఆయన పేరు ఏ వరసలో ఉండిపోయిందో.

ఒకసారి చిన్నది పిల్లని ఎత్తుకుని వచ్చింది. నేను రెండు పీటలు వేసి పొయ్యి లోపలికి తెచ్చాను. బొగ్గు ఆ రోజు కాస్త తడిసింది, పొగ పూర్తిగా పోలేదు. అది కూర్చుంది. పిల్ల దగ్గింది. చిన్నదాని కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారాయి. ఒకప్పుడు ఆ పొగలో గంటలకి గంటలు కూర్చుని చేపలవాణ్ణి అనుకరించిన మనిషే. కొంగుతో మొహం కప్పుకుని కాస్సేపు ఓర్చుకుంది.

"కళ్ళు మండిపోతన్నాయక్కా. ఈ పొగలో నువ్వెలాగ కూకుంటున్నావో."

"పిల్లని తీసుకుని ముందు గదిలోకెళ్ళవే. నేను వచ్చేస్తాను."

"నేనేమన్నా తరగాలా?"

"వద్దులే. నీకు తరగడం రాదుగా" అన్నాను. అది నవ్వింది, వెళ్ళింది.

పీట అక్కడే ఉంది. నేను పులుసులో చింతపండు పిసికి పోశాను, అది మరగడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. ముందు గదిలో అత్తా అదీ ఏదో చెప్పుకుంటున్నారు. అత్త నవ్వుతోంది, పిల్ల కేరింతలు కొడుతోంది. చిన్నది ఎవరినో అనుకరిస్తోందని గొంతునిబట్టి తెలుస్తోంది, ఎవరినో మాత్రం తెలియడం లేదు. వాళ్ళ క్వార్టర్లలో మనుషులెవరో అయి ఉంటారు. నేను వాళ్ళని ఎరగను.

"అక్కా, ఇంకా అవలేదేటి?" అని కేకేసింది.

"అవుతోందే. మీరు మాటాడుకోండి" అన్నాను.